విమానం గేటు కాడ కావలి: సర్కారు కొలువా, కంట్రాక్టు కూలియా?

(అంబేద్కర్ యువజన సంఘం పిల్లల కోసం ఆదివారం పెట్టిన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అట్లాగే ఉంచాం.)

 

ఈ వాడలో విమానం ఎక్కినవాళ్లు ఎవరని అడిగితే నాలుగైదు చేతులు లేచాయి. ఆ చేతులన్నీ దుబాయికి, మస్కట్‌కు కూలికి పోయివచ్చిన అన్నలవే. చూడ్డానికి పోయినవాళ్లు ఒక్కరూ లేరు. మంచిది. ఆ అన్నలనే ఒక మాట అడుగుదాం. శంషాబాద్‌లో దిగినప్పుడు, ఎక్కినప్పుడు మిమ్మల్ని ఆపింది ఎవరు? టికెట్టు చూపించు, పాసుపోర్టు చూపించు అన్నది ఎవరు? బెల్టు తీయించి, చేతులు బారజాపమని ఒళ్లంతా తడిమి చూసింది ఎవరు? పోలీసు అంటారు మీరు. పోలీసే గాని మన మండలం స్టేషన్‌లోని పోలీసు కాదు. ఆ భుజం మీద సీఐఎస్‌ఎఫ్ అని రాసి ఉంటుంది. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం అంటే అదే. పదో తరగతి పాసైన మన పిల్లలు అందులో చేరవచ్చు. ఆ సంగతి చెప్పడానికే ఇవాళ కూర్చున్నాం.

కావలి పని మనకు కొత్తది కాదు. ఊరికి కావలి ఎవరు కాశారు? సుంకరి ఎవరు, మస్కూరి ఎవరు, చెరువు నీళ్లకు నీరడి ఎవరు? రాత్రంతా ఊరి చుట్టూ తిరిగింది ఎవరు? పటేలు ఇంటికి, పట్వారీ ఇంటికి కబురు మోసింది ఎవరు? పన్నుల డబ్బు మూటకట్టి తాలూకా కచేరీకి పోతుంటే ఆ మూట వెంట కర్ర పట్టుకొని నడిచింది ఎవరు? మన తాతలే. ఊరి సరిహద్దు రాళ్లు మన వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పొలం గట్టు తగాదా వస్తే సాక్ష్యానికి మాదిగ ముసలాయన్నో మాల ముసలాయన్నో పిలిచేవాళ్లు. అంత నమ్మకమూ ఉండేది, అదే మనిషిని అరుగు ఎక్కనియ్యకపోవడమూ ఉండేది. జీతం లేదు, కల్లం కాడ నాలుగు గింజలు. ఆయుధం లేదు, కర్ర. ఊరిని కాపాడినవాడు ఊరి బయట పడుకున్నాడు.

ఆ కావలికి, ఇప్పుడు మేము చెప్పే కావలికి తేడా ఏమిటి? దీనికి నెలనెలా జీతం ఉంది, డ్రెస్సు ఉంది, చట్టం ఉంది, రాజ్యాంగం ఇచ్చిన వాటా ఉంది. ఈ చివరిది మరిచిపోవద్దు, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ముందు ఈ దళం పుట్టుక చెప్పుకుందాం. 1968లో పార్లమెంటు చట్టం చేసింది. 1969 మార్చి 10న దళం మొదలైంది. అప్పుడు ఉన్నది సుమారు మూడు వేల మందే. ఉక్కు ఫ్యాక్టరీలు, బొగ్గు గనులు, రేవులు, సర్కారు కంపెనీలు, వీటికి కాపలా పెట్టడానికి దాన్ని పుట్టించారు. విమానాశ్రయాలు దాని పని కాదు, వాటిని అప్పట్లో రాష్ట్ర పోలీసులే చూసేవాళ్లు. 1985 జూన్ 23న కనిష్క అనే ఎయిర్ ఇండియా విమానం సముద్రం మీద బాంబు పేలి కూలిపోయి 329 మంది చనిపోయారు. దాని తర్వాత 1987లో పౌర విమానయాన భద్రతా బ్యూరోను విడి శాఖగా చేశారు. బీసీఏఎస్ అంటారు. విమానాశ్రయంలో ఎవరిని ఎట్లా తనిఖీ చేయాలో రూలు పెట్టేది ఆ బ్యూరో. ఆ రూలును నిలబడి అమలు చేసేవాళ్లు వేరు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ వస్తున్న విమానాన్ని ఎత్తుకుపోయి కాందహార్‌లో దించారు కదా, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు గాని సర్కారు మేలుకోలేదు. 2000 ఫిబ్రవరిలో జైపూర్ విమానాశ్రయాన్ని మొదట సీఐఎస్‌ఎఫ్‌కు అప్పజెప్పారు. అక్కడి నుంచి ఒక్కొక్కటే చేరుతూ ఇవాళ దేశంలో అరవైకి పైగా విమానాశ్రయాల్లో వాళ్లే ఉన్నారు. బేగంపేటలో విమానాలు నడిచినన్నాళ్లు అక్కడ ఉన్నారు, 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక ఇక్కడ ఉన్నారు.

ఇంకో మాట. ఈ దళం ఆఫీసర్లను తయారుచేసే పెద్ద అకాడమీ మన హైదరాబాదులోనే, హకీంపేటలో ఉంది. దేశం నలుమూలల నుంచి పిల్లలు అక్కడికి వచ్చి నేర్చుకొని పోతున్నారు. హకీంపేట బస్సు మన పిల్లలకు తెలుసు, ఆ గోడ వెనక ఏముందో తెలియదు. ఈ తెలియకపోవడం ఊరికే రాలేదు. చెప్పేవాళ్లు లేక వచ్చింది. అగ్రకులాల ఇంట్లో మామ చెపుతాడు, బాబాయి చెపుతాడు, ఫలానా నోటిఫికేషన్ పడింది, ఫారం నింపు అని. మన ఇళ్లల్లో ఎవరు చెపుతారు? మొదటిసారి డిగ్రీ కాయితం ఇంటికి తెచ్చిన మాలాంటి పంతుళ్లమే మామలం, బాబాయిలం కావాలి.

ఇక పని ఎట్లా ఉంటుంది? గేటు కాడ ఒకరు టికెట్టు, గుర్తింపు కార్డు చూస్తారు. లోపల తనిఖీ స్థలం ఉంటుంది. దర్వాజ చట్రంలాగ నిలబెట్టిన యంత్రం గుండా మనిషి నడిచి రావాలి, ఒంటిమీద లోహం ఉంటే అది కూస్తుంది. ఆ తర్వాత చేతి యంత్రంతో, చేత్తో తడిమి చూస్తారు. ఆడవాళ్లను ఆడవాళ్లే, తెర కట్టిన చోట చూడాలి. అది రూలు. చేతి సంచి ఎక్స్‌రే యంత్రంలోకి పోతుంది. దాని ముందు కూర్చున్న మనిషికి తెర మీద రంగులు కనపడతాయి. తిండి, బట్ట, కాయితం, ప్లాస్టిక్ లాంటివి నారింజ రంగులో, ఇనుము లాంటివి నీలం రంగులో, రెండూ కలిసినవి ఆకుపచ్చగా. మందుగుండు కూడా నారింజ రంగులోనే పడుతుంది. అమ్మ కట్టిన సకినాల డబ్బా ఏదో, పేలుడు సామాను ఏదో కొన్ని క్షణాల్లో తేల్చాలి. ఆ కుర్చీలో ఎవరుబడితే వాళ్లు కూర్చోరు, దానికి వేరే శిక్షణ, వేరే పరీక్ష. బయట గోడ వెంట పగలూ రాత్రీ పహరా తిరిగేవాళ్లు వేరు. ఏదైనా జరిగితే తుపాకులతో క్షణంలో పరుగెత్తేవాళ్లు వేరు. ఎనిమిది గంటలు కాళ్ల మీద నిలబడటం. ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పండుగ లేదు, ఆదివారం లేదు. సుఖమైన నౌకరీ అని మేము చెప్పడం లేదు.

కాని ఒక్క సంగతి ఆలోచించండి. ముట్టుకుంటే మైల అన్నారు మన చేతిని. గ్లాసు వేరే పెట్టారు, గుడి మెట్టు దూరం పెట్టారు. ఆ చేతికే ఇవాళ చట్టం ఒక పని ఇచ్చింది: ప్రతి మనిషినీ తాకి చూడు, తాకకుండా పంపొద్దు అని. దొరవారి కొడుకైనా సరే చేతులు బారజాపి నిలబడాలి. మన పిల్లవాడు జేబులు తడిమి, నడుము తడిమి, 'పోవచ్చు సార్' అంటేనే లోపలికి పోవాలి. తనిఖీ నుంచి మినహాయింపు ఉన్నవాళ్ల జాబితా ఒకటి ఉంది. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నర్లు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ముఖ్యమంత్రులు, ఇట్లాంటివాళ్లు అందులో ఉన్నారు. మామూలు ఎంపీ లేడు. ఎమ్మెల్యే అసలే లేడు. మన ఊరికి వస్తే కారు దిగకుండా అద్దం దించి మాట్లాడే ఎమ్మెల్యే గారు అక్కడ బూట్లు విప్పమంటే విప్పాలి. నవ్వుతున్నారు మీరు! నవ్వండి. అయితే పగ తీర్చుకునే చోటని దానికి పోవద్దు. దుబాయి కూలికి పోయే అన్న కూడా అదే వరుసలో నిలబడతాడు, ఫారం నింపరాక, భాష రాక బెదిరిపోయి ఉంటాడు. వాణ్ని 'అన్నా, ఇటు రా' అని తెలుగులో పిలిచే మనిషి ఆ గేటు కాడ ఉంటే ఎంత ధైర్యం! ఎక్కువమంది హిందీవాళ్లే ఉండటాన అది దొరకడం లేదు.

ఇక్కడ మా సంఘం మిత్రులే ఒక ప్రశ్న వేశారు, దాచడం ఎందుకు? 'సార్, పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నవాళ్లం మనం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూశాం. చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే మన వాళ్లను నరికి గోనె సంచుల్లో కుక్కారు. అట్లాంటి రాజ్యానికి మన పిల్లలనే కాపలా పెట్టమంటారా?' అని. ఇది ఉత్త మాట కాదు, బరువైన మాట. దీనికి మా జవాబు ఇది. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ పటాలంలో సుబేదారు. ఆ పటాలం బడిలో చదువు చెప్పిన మనిషి. పటాలం లేకపోతే ఆ ఇంట్లో అంత చదువు వచ్చేదా? ఆ తర్వాత బ్రిటిషువాళ్లు మహర్లను సైన్యంలోకి తీసుకోవడం మానేశారు. మహర్లు ఊరుకున్నారా? అర్జీ మీద అర్జీ పెట్టారు. బాబాసాహెబ్ కూడా కొట్లాడాడు. 1941లో మహర్ రెజిమెంటు నిలబడింది. తలుపు మూస్తే కొట్లాడినవాళ్లం, తెరిచి ఉన్నప్పుడు వద్దని వెనక్కి తిరుగుదామా? ఆ గేటు కాడ మనం లేకపోతే అది ఖాళీగా ఉండదు, ఇంకొకడు నిలబడతాడు.

అయితే ఒక చేదు నిజం కూడా చెప్పాలి. యూనిఫాం వేసుకున్నాక నోరు కట్టుబడిపోతుంది. సంఘం పెట్టుకోవడానికి వీల్లేదు, పార్టీలో తిరగడానికి వీల్లేదు, మన పత్రికకు ఇష్టం వచ్చినట్టు రాయడానికి వీల్లేదు. 1979లో ఈ దళంలోని జవాన్లే సంఘం కావాలని కదిలితే బొకారోలో సైన్యాన్ని దించారు, ప్రాణాలు పోయాయి. 1983లో చట్టం మార్చి దీన్ని కేంద్ర సాయుధ దళంగా చేశారు. కాబట్టి చేరేవాడు తెలిసి చేరాలి. వాడి తరఫున మాట్లాడే పని బయట ఉన్న మనది.

ఇప్పుడు అసలు విషయం. శంషాబాద్ గేటు కాడ డ్రెస్సు వేసుకున్నవాళ్లందరూ ఒకటి కాదు. మన ఊరి నుంచి ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో చేస్తున్నామని చెప్పుకునే పిల్లలను అడిగి చూడండి. చాలామంది ఏజెన్సీ మనుషులు. ట్రాలీల కాడ, పార్కింగు కాడ, క్యూ సర్దే కాడ ఉంటారు. నీలం చొక్కానో బూడిద రంగు ప్యాంటో, జేబు మీద ఏదో కంపెనీ పేరు. ఏజెన్సీ మారితే పని ఉంటుందో పోతుందో తెలియదు. ఆ పిల్లలను తక్కువ చేయడం లేదు, వాళ్లదీ చెమటే. కాని అక్కడ రిజర్వేషన్ లేదు, ప్రమోషన్ లేదు, అన్యాయం జరిగితే అడిగే దిక్కు లేదు. మధ్యరకం ఇంకొకటుంది. విమానం పొట్టలో వేసే పెద్ద సామానును ఎక్స్‌రేలో చూసే స్క్రీనర్లు. వాళ్లు సీఐఎస్‌ఎఫ్ కాదు. సర్కారు విమానాశ్రయాల సంస్థకు అనుబంధ కంపెనీ ఒకటి ఈ ఉద్యోగాలకు డిగ్రీవాళ్లను తీసుకుంటున్నది. మార్కుల్లో ఎస్సీ, ఎస్టీలకు సడలింపు ఇస్తారు గాని అది మూడేళ్ల ఒప్పందం. దాన్ని పర్మినెంటు అని ఎవరైనా చెపితే నమ్మొద్దు.

2022 సెప్టెంబరులో ఒక వార్త వచ్చింది. యాభై విమానాశ్రయాల్లో సీఐఎస్‌ఎఫ్ పోస్టులు 3,049 రద్దు చేసి, వాటి చోట 1,924 మంది ప్రైవేటు సెక్యూరిటీవాళ్లను పెట్టేందుకు నిర్ణయించారని. క్యూ సర్దడం లాంటి పనులకు తుపాకి మనిషి ఎందుకు, ఖర్చు దండగ అన్నారు. వినడానికి బాగానే ఉంది. లెక్క కడదాం. కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీలకు నూటికి 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27. 3,049లో నూటికి పదిహేను అంటే 457. ఎస్టీలవి 229. బీసీలవి 823. ఇన్ని ఇళ్లల్లో వెలగాల్సిన దీపం ఒక్క కాయితంతో ఆరిపోయింది. ఆ 1,924లో మన వాటా ఎంత? సున్న. ఎవరూ మనల్ని తిట్టలేదు, కొట్టలేదు, రిజర్వేషన్ ఎత్తేస్తామని అనలేదు. పోస్టునే ఎత్తేశారు. 1943లో బాబాసాహెబ్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్నప్పుడు కేంద్ర ఉద్యోగాల్లో 8.33 శాతంతో మొదలైన వాటా ఇది. ఇట్లా కరగదీస్తున్నారు.

ఇంకోపక్క తలుపు కొంచెం తెరుచుకుంది, అదీ చెప్పాలి. 2025 ఆగస్టులో ఈ దళం బలాన్ని 1 లక్షా 62 వేల నుంచి 2 లక్షల 20 వేలకు పెంచడానికి కేంద్ర హోం శాఖ ఒప్పుకుంది. ఏటా పద్నాలుగు వేల మంది చొప్పున ఐదేళ్లు తీసుకుంటామన్నారు. 2025 డిసెంబరులో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వేసిన జీడీ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో అన్ని దళాలకు కలిపి 25,487 పోస్టులు ఉంటే, అందులో సీఐఎస్‌ఎఫ్‌వే 14,595. సగానికి పైన. ఆ నోటిఫికేషన్ పడ్డట్టు ఈ చుట్టుపక్కల ఎంతమందికి తెలిసింది? దానికి గడువు అయిపోయింది. వచ్చే దానికి తయారు కావాలి.

తయారు కావడం అంటే ఏమిటో చెపుతాం, రాసుకునేవాళ్లు రాసుకోండి.

పదో తరగతి పాసై ఉండాలి. వయసు 18 నుంచి 23. ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు ఎక్కువ, బీసీలకు మూడేళ్లు ఎక్కువ. ఫీజు వంద రూపాయలు. అది మన పిల్లలకు, ఆడపిల్లలందరికీ లేదు. పరీక్ష కంప్యూటరు మీద, ఒక గంట. 80 ప్రశ్నలు, 160 మార్కులు. తర్కం, జనరల్ నాలెడ్జి, లెక్కలు, ఇంగ్లీషు లేదా హిందీ. ఒక్కోదాంట్లో ఇరవై ప్రశ్నలు. తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. ఇంతకుముందు ఈ పరీక్ష హిందీలో, ఇంగ్లీషులో తప్ప ఉండేది కాదు. బడిలో లెక్కలు బాగా చేసే పిల్లవాడు ప్రశ్నే అర్థంకాక ఓడిపోయేవాడు. 2024 నుంచి తెలుగుతో కలిపి పదమూడు ప్రాంతీయ భాషల్లో పెట్టారు. కాబట్టి ఇంగ్లీషు భయం అనే సాకు మూడు వంతులు పోయింది. ఆ మిగిలిన ఇరవై ప్రశ్నలకు మా బడిలో సాయంత్రం క్లాసు పెడతాం.

రాతలో గట్టెక్కితే ఒంటి పరీక్ష. మగపిల్లలు ఐదు కిలోమీటర్లు 24 నిమిషాల్లో ఉరకాలి. ఆడపిల్లలు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో. మన పిల్లలకు ఉరుకుడు కష్టం కాదు, మేకల వెంట, బస్సుల వెంట ఉరికి ఉరికి పెరిగినవాళ్లు. చిక్కు ఎత్తు దగ్గర వస్తుంది. మగవాళ్లకు 170 సెంటీమీటర్లు, అంటే ఐదడుగుల ఏడంగుళాలు. ఆడవాళ్లకు 157. ఎస్టీలకు 162.5, 150కి తగ్గించారు. ఎస్సీలకు ఏ తగ్గింపూ లేదు. ఎస్టీ పిల్లలకు ఇచ్చింది న్యాయమే, దాన్ని చూసి కుళ్లుకోవద్దు. మేము అడిగేది వేరే. తరతరాలుగా గంజి తాగిన ఇంట్లో, కడుపుతో ఉన్నప్పుడు నాట్లు వేసిన తల్లికి పుట్టిన బిడ్డ ఎత్తు పెరగకపోతే తప్పు ఎవరిది? వయసులో సడలింపు ఇచ్చినవాళ్లకు ఎత్తు సంగతి తట్టలేదా? ఇది సంఘాలు ఎత్తుకోవాల్సిన డిమాండు. ఆ డిమాండు గెలిచేదాకా తల్లులు చేయగలిగింది ఒకటుంది. పెరిగే వయసులో పిల్లలకు గుడ్డు, పప్పు తప్పించకండి. హాస్టల్లో, మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టకపోతే వార్డెనును, హెడ్‌మాస్టరును గట్టిగా నిలదీయండి. మమ్మల్ని కూడా నిలదీయండి. ఆ గుడ్డు రెండు సెంటీమీటర్ల కింద లెక్క.

పచ్చబొట్టు సంగతి కూడా చెప్పాలి, నవ్వొద్దు. మన తమ్ముళ్లు ప్రేమతో కుడిచేతి మీద బాబాసాహెబ్ బొమ్మ, జై భీమ్ అక్షరాలు పొడిపించుకుంటున్నారు. సెల్యూటు కొట్టే కుడి ముంజేతి మీద పచ్చబొట్టు ఉంటే వైద్య పరీక్షలో తీసేస్తారు. ఎడమ ముంజేతి లోపలి వైపు, ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉంటే ఒప్పుకుంటారు. బాబాసాహెబ్‌ను గుండెలో పెట్టుకోండి, ఇప్పటికి చేతిని ఖాళీగా ఉంచండి. కళ్లు, చదును పాదాలు, మోకాళ్లు తాకడం, కాళ్ల మీద ఉబ్బిన నరాలు, ఇవన్నీ చూస్తారు. ముందే సర్కారు దవాఖానాలో చూపించుకుంటే బాగుచేసుకోగలిగినవి బాగుచేసుకోవచ్చు. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరండి. ఆ సర్టిఫికెట్టుకు అదనపు మార్కులు కలుపుతారు: ఏకు 2, బీకి 3, సీకి 5 శాతం.

కాయితాల దగ్గర మన పిల్లలు ఓడిపోయినంతగా పరీక్షలో ఓడిపోవడం లేదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. కులం సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒక తీరు, మెమోలో ఇంకో తీరు. పుట్టిన తేదీ బడిలో మా పంతుళ్లు రాసిందే, అసలుది ఎవరికి తెలుసు! ఇవన్నీ ఇప్పుడే, నోటిఫికేషన్ పడకముందే సరిచేసుకోవాలి. కులం సర్టిఫికెట్టు కేంద్ర ప్రభుత్వ నమూనాలో వేరే తీసుకోవాలి. నివాస సర్టిఫికెట్టు మన రాష్ట్రానిదే ఉండాలి, ఎందుకంటే పోస్టులు రాష్ట్రాల వారీగా పంచుతారు. మనకు మాల మాదిగ వర్గీకరణ గొడవ తెలుసు గాని కేంద్ర కొలువుల్లో ఎస్సీలంతా ఒకే వరుస. కాబట్టి ఈ పరీక్షకు ఒకే చాప మీద కూర్చొని చదువుకోండి, అక్కడ పంచుకోవడానికి తగాదా ఏమీ లేదు.

ఇక దళారులు. 'ఎయిర్‌పోర్టులో పర్మినెంటు పోస్టు, రెండు లక్షలు ఇయ్యి, యూనిఫాం కొలతలు తీసుకుంటాం' అని ఫోను వస్తుంది. ఉత్తుత్తి ఉత్తరం, దాని మీద సింహాల ముద్ర. ఆ డబ్బు ఎక్కడిది? అర ఎకరం అసైన్డు భూమి కుదువపెట్టింది, లేకుంటే ఆడపిల్ల పెళ్లికి దాచింది. గుర్తుపెట్టుకోండి, కానిస్టేబుల్ ఉద్యోగానికి దారి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష. డ్రైవరు, ఫైరు, వంట, క్షవరం లాంటి పోస్టులకు దళమే సొంతంగా నోటిఫికేషన్ వేస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ ఫోను మీద రాదు. డబ్బు అడిగినవాడు దొంగ, అంతే. మన కులంవాడైనా దొంగే.

ఆడపిల్లల తల్లిదండ్రులతో రెండు మాటలు. ఆడ ప్రయాణికులను ఆడ జవాన్లే తనిఖీ చేయాలి గనక ఈ కొలువులో ఆడవాళ్ల అవసరం రోజురోజుకూ పెరుగుతుంది. దళంలో వాళ్లు నూటికి ఏడుగురు పైచిలుకే ఉన్నారు. 2024 నవంబరులో 1,025 మందితో పూర్తిగా మహిళల బెటాలియన్ పెట్టడానికి ఒప్పుకున్నారు. మా బడిలో చదివిన ఒక అమ్మాయి కబడ్డీలో జిల్లాకు ఆడింది. పదో తరగతి ఫలితాలు వచ్చిన నెలకే పెళ్లిచూపులు పెట్టారు. మేము నలుగురం పోయి ఆ తండ్రి కాడ కూర్చున్నాం. 'దూరం పంపితే ఎట్లా సార్' అన్నాడు. పత్తి ఏరడానికి గుంటూరు దాకా లారీలో పంపినప్పుడు దూరం కాలేదా అన్నారు మాతో వచ్చిన అక్క ఒకరు. ఆయన ఏమీ మాట్లాడలేదు. పెళ్లి రెండేళ్లు వాయిదా పడింది. ఇప్పుడు ఆ పిల్ల ఇంటర్ చదువుతూ పొద్దున ఉరుకుతున్నది. కొలువు వస్తదో రాదో ఇంకా తెలియదు.

ఎంపికైతే మొదట శిక్షణ. అరక్కోణం కావచ్చు, భిలాయ్ కావచ్చు, మధ్యప్రదేశ్‌లోని బడ్వాహా కావచ్చు. అది అయ్యాక నేరుగా విమానాశ్రయానికే పంపుతారని ఆశపడొద్దు. ఉక్కు ఫ్యాక్టరీ, కరెంటు ప్లాంటు, ఢిల్లీ మెట్రో, ఎక్కడైనా వేస్తారు. 2024 నుంచి పార్లమెంటు కాపలా కూడా వీళ్లదే. విమానాశ్రయానికి పంపేటప్పుడు మళ్లీ వేరే శిక్షణ ఇస్తారు. మూలవేతనం 21,700తో మొదలు, డీఏ వగైరా అదనం. 2004 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. హిందీ తప్పదు, మూడు నెలల్లో దానంతట అదే వస్తుంది. బ్యారెక్‌లో 'పూరా నామ్ క్యా హై' అని రెండుసార్లు అడుగుతారు. మొదటిసారి పేరు కోసం, రెండోసారి కులం కోసం. తల దించొద్దు. పక్షపాతం జరిగితే ఎస్సీ ఎస్టీల కోసం ప్రతి మంత్రిత్వ శాఖలో లైజాన్ అధికారి ఉంటాడు, పైన జాతీయ ఎస్సీ కమిషన్ ఉంది. అర్జీ ఎట్లా రాయాలో మాకు కార్డు రాయండి, ఫోను చేయండి, రాసి పంపుతాం.

కానిస్టేబుల్‌గానే ఆగిపోవాలని లేదు. డిగ్రీ ఉన్నవాళ్లు ఎస్ఐ పరీక్ష రాయండి, వయసు 20 నుంచి 25, మనకు 30 దాకా, మూలవేతనం 35,400. ఇంకా పైకి యూపీఎస్సీ పెట్టే అసిస్టెంట్ కమాండెంట్ పరీక్ష ఉంది. డిగ్రీ లేకుండా చేరినవాళ్లు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో కట్టి చదువుకోవచ్చు. తనిఖీ చేసే చోటికి మాత్రమే కాదు, తనిఖీ ఎట్లా చేయాలో రాసే కుర్చీ దాకా పోవాలి.

సంఘం తరఫున రెండు తీర్మానాలు రాశాం, చదువుతాం, చేతులెత్తండి. ఒకటి, విమానాశ్రయాల్లో రద్దు చేసిన పోస్టులను తిరిగి పెట్టాలి, ప్రైవేటు ఏజెన్సీలకు ఇచ్చిన పనిలో కూడా రిజర్వేషన్ పాటించాలి. రెండు, కేంద్ర దళాల ఎంపికలో ఎస్సీ పిల్లలకు ఎత్తులో సడలింపు ఇయ్యాలి. వీటి మీద సంతకాలు పెట్టించి మన ఎంపీకి ఇస్తాం. ఆయన ఢిల్లీకి విమానంలోనే పోతాడు గదా.

వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు హైస్కూలు గ్రౌండుకు రండి. ఎత్తు కొలిచే టేపు మేము తెస్తాం, గడియారం పీఈటీ సారు తెస్తాడు. పదో తరగతి మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్టు జిరాక్సులు మీరు తెచ్చుకోండి, పేర్లు సరిపోయాయో లేదో అక్కడే చూద్దాం. ఆడపిల్లలకు బూట్లు లేకపోతే ముందే చెప్పండి, చందా వేసి కొందాం. చెప్పులు లేకున్నా రండి, మొదటి రోజు ఒట్టికాళ్లతోనే ఉరుకుదాం.

జై భీమ్!